శేషగిరి పద్దు ఎక్కడ?

ఆ మధ్య విజయనగరంలో ఒక సభకి వెళ్ళాను. యల్లాప్రగడ సుబ్బారావు గారి పరిశోధనల మీద ఒక పెద్దాయన గంటసేపు మాట్లాడారు. 1925లో ఫిస్క్‌తో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతి. 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్. 1929లో ఏటీపీ. కండరం కదలాలన్నా, నరం సందేశం మోయాలన్నా, మెదడు పనిచెయ్యాలన్నా ఖర్చయ్యే శక్తి అదే. తర్వాత ఆయన బృందం 1945లో తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం, 1947లో బోదకాలు వ్యాధికి తెచ్చిన హెట్రజాన్. "ఇంత చేసినా నోబెల్ ఇవ్వలేదు, ఫిస్క్ పేరే ముందు పెట్టారు" అంటుంటే ఆయన గొంతు జీరపోయింది. హాలంతా నిట్టూర్చింది. నేనూ నిట్టూర్చాను. అన్యాయమే మరి.

కానీ ఒక మాట నన్ను వదల్లేదు. "శాస్త్రం కోసం సంసారాన్ని త్యాగం చేశారు" అని ఒక్క వాక్యంలో దాటేశారాయన. ఎవరి సంసారం? ఎవరి త్యాగం?

1919లో సుబ్బారావుకి శేషగిరితో పెళ్ళయింది. ఆయన వైద్యవిద్యకి ఆమె తండ్రి కస్తూరి సూర్యనారాయణమూర్తి డబ్బు సాయం చేశారు. 1920ల మొదట్లో ఆయన ఓడెక్కారు. 1948లో అమెరికాలోనే కన్నుమూశారు. మధ్యలో ఒక్కసారి కూడా తిరిగి రాలేదు. ఆయన గడిపిన ఆ పాతికేళ్ళకి ఫలితాలున్నాయి, తేదీలున్నాయి. ఆమె గడిపిన పాతికేళ్ళకి ఏముంది? ఆమెను ఎవరైనా అడిగారా? మగవాడు భార్యని వదిలి వెళితే త్యాగం. అదే ఒక స్త్రీ మొగుణ్ణి ఊళ్ళో వదిలేసి హార్వర్డ్ వెళ్ళి ఉంటే ఆమె జీవితచరిత్ర ఏ వాక్యంతో మొదలయ్యేదో మనకి తెలియనిదా?

అంతటి మేధావిని ఇంటి గొడవల్లోకి లాగుతారేమిటని కొందరికి కోపం రావచ్చు. నేను ఆయన్ని తగ్గించడం లేదు. ఫిస్క్ వెనక సుబ్బారావు మరుగున పడ్డారని లెక్క అడుగుతున్నాం కదా, అదే లెక్కల పుస్తకంలో ఇంకో పేజీ తిప్పమంటున్నాను.

ఆ పేజీలో ఇంకా చాలామంది ఆడవాళ్ళున్నారు. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరు బొంబాయి వచ్చి గర్భిణుల్లో రక్తహీనతని పరిశీలించింది. వాళ్ళలో బట్టల మిల్లు కూలీలున్నారు. ఈస్ట్ సారంతో వాళ్ళు కోలుకుంటున్నారని 1931లో ప్రకటించింది. ఆ సారంలో పనిచేసింది ఫోలిక్ ఆమ్లమని తర్వాత తేలింది. ఆ సభలో విల్స్ పేరు రాలేదు. రక్తమిచ్చిన ఆ తల్లుల పేర్లయితే ఏ సభలోనూ రావు.

ఇక హెట్రజాన్ సంగతి. చీపురుపల్లి దగ్గర పల్లెలో ఉండే మా అమ్మమ్మకి బోదకాలు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇది ఇంటింటికీ తెలిసిన జబ్బే. 2004లో మన దేశంలో సామూహికంగా మాత్రలు పంచే కార్యక్రమం మొదలయ్యాక మా ఇంటికీ ఆ మందు వచ్చింది. అది రక్తంలో తిరిగే పిల్ల పురుగుల్ని చంపుతుంది. అప్పటికే బరువెక్కిన కాలుని మాత్రం మామూలు చెయ్యలేదు. ఆ కాలుని రోజూ సబ్బుతో కడగాలి, వేళ్ళ సందుల్లో తడి లేకుండా అద్దాలి, పుండు పడకుండా కాచుకోవాలి. పొద్దస్తమానం బురద మడిలో నిలబడి ఊడ్చే మనిషికి ఇదెలా కుదురుతుంది? ఇదే పురుగు వల్ల మగవాళ్ళకి వచ్చే వరిబీజానికి ఆపరేషనుంది. అమ్మమ్మ అనేది: "మగోడికొత్తే ఆపరేసనంతారు, ఆడదానికొత్తే కోక కిందకి దించుకోమంతారు."

పంచిన మాత్రల లెక్క రిజిస్టర్లో ఉంటుంది. అమ్మమ్మ పోయేదాకా ఆ కాలుని కడుక్కున్న రోజుల్ని ఎవరు లెక్కపెట్టారు? మందు కనిపెట్టడం పరిశోధన అయితే, ఆ కాలుతో బతకడం ఎలాగో నేర్చుకుని పక్కింటి ఆడవాళ్ళకి నేర్పడం ఏమవుతుంది?

వచ్చే జనవరిలో సుబ్బారావు గారి జయంతి సభకి పిలిస్తే మళ్ళీ వెళతాను. 1925, 1927, 1929 అంటూ వరసగా చదువుతారు కదా. 1919 నుంచి చదవమని లేచి అడుగుతాను.