ఆరోగ్య ప్రసంగము: మందొకటి, మార్గములు నాలుగు

కీమోథెరపీ, అనగా క్యాన్సరునకు జేయు రసాయనౌషధ చికిత్స, అనగానే చేతికి సూది గ్రుచ్చి సీసానుండి బొట్టుబొట్టుగా మందెక్కించుటయే మన మనస్సునకు దోచును. అందుచేత రోగికి మాత్రలిచ్చి యింటికి బంపినయెడల, "జబ్బు చిన్నదే కాబోలు" నని కొందఱును, "ఇక లాభము లేక మాత్రలతో సరిపెట్టిరేమో" యని కొందఱును తలంచుచుందురు. ఈ రెండు తలంపులును సరియైనవి కావు. మందిచ్చు మార్గమును జూచి రోగమెంతటిదో యూహింపరాదు. మందు చేరవలసిన చోటును, ఆ మందుయొక్క స్వభావమును విచారించియే వైద్యులు మార్గమును నిర్ణయింతురు.

దీనికి మెథోట్రెక్సేటు అను మందు చక్కని తార్కాణము. దీని చరిత్రతో మన తెలుగువారికి సంబంధము గలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలు నడపుచుండగా, ఫోలికామ్లమునకు విరోధులగు మందులు అచ్చట తయారైనవి. కణములు వృద్ధి పొందుటకు ఫోలికామ్లము కావలెను. దాని పనిని అడ్డగించినచో వేగముగ పెరుగు క్యాన్సరు కణములు నశించును. అట్టివానిలో నొకటియగు అమినాప్టెరిన్‌ను బోస్టన్ నగరమున డాక్టరు సిడ్నీ ఫార్బరు ల్యుకీమియా, అనగా రక్తపు క్యాన్సరు, గల 16 మంది పిల్లలకిచ్చి, 10 మందికి కొంతకాలము గుణము కనబడెనని 1948లో ప్రకటించిరి. సుబ్బారావుగారు ఆ సంవత్సరముననే దివంగతులైరి. మెథోట్రెక్సేటు ఆ కుటుంబములోనిదే. నేటికిని వాడుకలో నున్నది. ఈ యొక్క మందునే నాలుగు మార్గముల నిచ్చుచున్నారు.

మొదటిది నోటి మార్గము. పిల్లలకు దఱచుగా వచ్చు ల్యుకీమియాలో, ఆసుపత్రిలో తీవ్రచికిత్స ముగిసిన పిమ్మట, దాగియున్న కణములు మరల తల యెత్తకుండుటకై పెక్కు నెలలపాటు ఇంటివద్దనే మాత్రలిత్తురు. కావున మాత్ర లనగా తేలిక మందు లని యెంచరాదు.

రెండవది కండలోనికి సూదిమందు. గర్భము వచ్చిన పిదప మావికి సంబంధించిన కణముల నుండి కోరియోకార్సినోమా అను క్యాన్సరు స్త్రీలకు అరుదుగా గలుగును. మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ మొదలగు వైద్యులు ఇది మెథోట్రెక్సేటుతో లొంగునని 1956లో అమెరికాలో వెల్లడించిరి. ఈ జాతి జబ్బు ప్రమాదము తక్కువగా నున్నప్పుడు నేడును ఈ మందును కండలోనికి ఇచ్చుట గలదు.

మూడవది రక్తనాళము. కొన్ని యెముక క్యాన్సరులకు ఈ మందునే మిక్కిలి పెద్ద మోతాదులో నెక్కింతురు. పిదప నిర్ణీతవేళకు ల్యూకోవొరిన్ అను విఱుగుడు నిచ్చి మంచి కణములను గాపాడుదురు. రక్తములో మందు తగ్గువఱకు పరీక్షించుచుండవలెను గనుక రోగి ఆసుపత్రిలోనే యుండవలసి వచ్చును.

నాలుగవది వెన్నెముక మార్గము. మామూలు మోతాదులో రక్తములో గలిపిన మందు మెదడునకు తగినంత చేరదు. ప్రకృతి యచ్చట నొక అడ్డుగోడను గట్టినది. ఆ గోడ చాటున దాగు కణములకొఱకు నడుమున సన్నని సూది గ్రుచ్చి, మెదడును వెన్నుపామును చుట్టియుండు నీటిలోనికే మందును జొప్పింతురు.

ఇతర మందులకు వేఱు దారులును గలవు. అండాశయపు క్యాన్సరునందు కొందఱికి కడుపు కుహరములోనికిని, మూత్రాశయపు క్యాన్సరునందు గొట్టముద్వారా ఆ సంచిలోనికిని మందు నింపుదురు. చర్మముపైని కొన్ని జబ్బులకు పూతమందు గలదు. అయితే ప్రతి మందును ప్రతి దారిని బోదు. విన్‌క్రిస్టిన్ అను మందును రక్తనాళముననే యీయవలెను. పొరపాటున వెన్నులోనికి బోయెనా, ప్రాణమే పోవును. మందు పేరెంత ముఖ్యమో దారియు నంత ముఖ్యము.

ఆసుపత్రిలో ఈ జాగ్రత్తలను వైద్యులును నర్సులును జూచుకొందురు. మాత్రల చికిత్సలోనో, ఆ భారము ఇల్లాలిపై బడును. మేము సోదరీమణులకు ముఖ్యముగా జెప్పదలచిన దిదియే. పైని జెప్పిన పిల్లల చికిత్సలో మెర్కాప్టోప్యూరిన్ అను మాత్ర ప్రతిదినము నుండును. మెథోట్రెక్సేటు వారమున కొక్కనాడే. కీళ్లవాతమునకు పెద్దలు వాడు మెథోట్రెక్సేటు సైతము వారమున కొక్కసారియే. దానిని తెలియక దినదినము మ్రింగినచో నోరు పూయును, రక్తకణములు పడిపోవును, ప్రాణాపాయమును గలుగును. కావున ఆ వారము పేరును పెట్టెపైనను, గోడ క్యాలెండరుమీదను వ్రాసియుంచుడు. మందిచ్చు బాధ్యత ఇంటిలో నొక్కరిదే కావలెను. ఒకనాడు మఱచినచో మరునాడు రెండింతలు వేయరాదు. మాత్ర వాంతియైనచో మరల వేయుటకు ముందు వైద్యుని అడుగవలెను. క్యాన్సరు మాత్రలను నూఱరాదు, విఱువరాదు. గర్భిణీ స్త్రీలు వానిని తాకరాదు.

రక్తనాళమున మందెక్కుచుండగా సూది చోట మంటయో, వాపో కనబడినచో ఓర్చుకొని యూరకుండక తక్షణము నర్సుతో జెప్పవలెను. కొన్ని మందులు వెలుపలికి జాఱినచో కండను కాల్చివేయును. మార్గమేదైనను, చికిత్స జరుగు దినములలో జ్వరము 100.4 డిగ్రీల ఫారన్‌హీటునకు చేరినయెడల తెల్లవారుదాక వేచియుండక ఆసుపత్రికి దీసికొనిపోవలెను.

వైద్యుని గదినుండి వెడలునపుడు మూడు ప్రశ్నలడుగుటకు మన స్త్రీలు సంకోచింపరాదు: ఏ మందు? ఏ మార్గమున? ఏయే దినములందు? ఈ మూటికిని సమాధానములను కాగితముపై వ్రాయించుకొని యింటికి వచ్చిన యిల్లాలు ఆ చికిత్సలో సగము పనిని నిర్వహించినదే యని మా యభిప్రాయము.