ఒక్కటే కదా!
సిగరెట్లు మానేసి నలభై రోజులైంది. మొదటి వారం నిద్ర లేదు. నోరు విప్పితే విసుగు. మా ఆవిడ పాపం, రోజూ లవంగాలు పొట్లం కట్టి జేబులో వేసేది. నికోటిన్ ఒంటిని మూడు రోజుల్లో వదిలిపోతుంది గాని, అలవాటు మనసును అంత తొందరగా వదలదు.

మొన్న క్లాసులో కన్యాశుల్కం చెప్పాను. గిరీశం దగ్గర వెంకటేశానికి అబ్బింది చుట్ట కాల్చడమేనంటే పిల్లలు ఒకటే నవ్వు. బయటికి రాగానే కాఫీతోబాటు మిత్రుడొకరు పెట్టె చాచారు.

"ఒక్కటే కదా మాస్టారూ!"

వెలిగించాను. సాయంత్రానికి మూడయ్యాయి.

ఇంట్లో దాచలేదు. "జారితే లేవాలి గాని, అక్కడే కాపురం పెడతామా?" అంది మా ఆవిడ.

తలపు పుట్టినప్పుడు ఐదు నిమిషాలు ఓర్చుకుంటే చాలావరకు దాటిపోతుంది. ఇప్పుడు గడియారం చూస్తూ ఓర్చుకుంటున్నాను. లెక్క మళ్ళీ మొదటికి వచ్చింది. ఇవాళ్టికి తొమ్మిది రోజులు.