నడిచే దారి లేని రోడ్డు వెడల్పు ఎవరి కోసం?

రోడ్డు వెడల్పు చేస్తారట అనగానే మన ఊళ్లలో మొదట వినిపించే ప్రశ్న, ఎకరానికి ఎంత ఇస్తారు? అది న్యాయమైన ప్రశ్నే. భూమి పోయేవాడు ధర అడక్క ఇంకేం అడుగుతాడు? కానీ ఆ ప్రశ్న ఒక్కటే సరిపోదు. దాని పక్కనే ఇంకో ప్రశ్న అడగాలి. మా పొలాల మీదుగా వేసే ఈ రోడ్డు మీద మేం ఎక్కడ నడవాలి? మా పిల్లలు సైకిల్ మీద బడికి ఎటు నుంచి పోవాలి? ఈ ప్రశ్న రోడ్డు అయిపోయాక అడిగితే లాభం లేదు. నక్షా గీసేటప్పుడే అడగాలి.

పదిహేను ఎకరాల్లో ఒక్క ఎకరం

ముందు లెక్క చూద్దాం. నాలుగు వరుసల జాతీయ రహదారికి ఊళ్ల బయట 60 మీటర్ల వెడల్పున స్థలం ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం చెబుతుంది. అంటే కిలోమీటరుకు 60 వేల చదరపు మీటర్లు, మన లెక్కలో 15 ఎకరాలకు కాస్త తక్కువ. ఆ రోడ్డుకు రెండు పక్కలా రెండేసి మీటర్ల చొప్పున నడిచేవాళ్లకు, సైకిల్ వాళ్లకు విడిగా బాట వేస్తే ఎంత పడుతుంది? కిలోమీటరుకు 4 వేల చదరపు మీటర్లు. అంటే 99 సెంట్లు. ఎకరం కూడా కాదు.

పదిహేను ఎకరాలు ఇచ్చిన ఊరికి అందులో ఒక్క ఎకరం నడవడానికి మిగల్చమంటే స్థలం లేదంటారు. మధ్యలో డివైడరుకు స్థలం ఉంది. దాని మీద పూలమొక్కలకు స్థలం ఉంది. టోల్‌గేటు దగ్గర పది వరుసలకు స్థలం ఉంది. గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని నడిచే మనిషికే లేదు! ఇది స్థలం లేక వచ్చిన సమస్య కాదు. నక్షా గీసేవాడి కంటికి ఆ మనిషి ఆనకపోవడం వల్ల వచ్చిన సమస్య.

పాత హైవే చెప్పే పాఠం

ఏలూరు దాటాక గుండుగొలను నుంచి భీమడోలు, పుళ్ల, కైకరం, చేబ్రోలు, తాడేపల్లిగూడెం మీదుగా తణుకు పోయే రోడ్డు మనందరికీ తెలిసిందే. ఒకప్పటి 5వ నంబరు జాతీయ రహదారి. సువర్ణ చతుర్భుజి పథకంలో నాలుగు వరుసలైంది. ఇప్పుడు దూరప్రయాణపు బళ్ల కోసం గుండుగొలను నుంచి దేవరపల్లి మీదుగా కొవ్వూరుకు కొత్త రోడ్డు వేశారు. పాతదానికి 216ఎ అని నంబరు మార్చారు.

నంబరు మారింది కానీ బళ్ల వేగం మారలేదు. ఊళ్లకు ఊళ్లు ఆ రోడ్డుకు అటూ ఇటూ ఉన్నాయి. ఇల్లు ఒక పక్క, పొలం ఇంకో పక్క. బడి ఒక పక్క, బస్సు ఆగేది ఇంకో పక్క. డివైడరు కట్టినప్పుడు గ్యాప్ ఎక్కడ వదలాలో ఊరివాళ్లను అడిగి వదల్లేదు. గ్యాప్ రెండు కిలోమీటర్ల అవతల ఉంటే ఎదురుగా కనపడే పొలానికి నాలుగు కిలోమీటర్లు తిరిగి రావాలి. కావిడో, పాలక్యానో, మందు డబ్బాలో మోసుకెళ్లేవాడు అంత తిరుగుతాడా? ఎదురు దారిలో పోతాడు, లేదా డివైడరు ఎక్కి దిగుతాడు. ప్రమాదం జరిగితే మర్నాడు పేపర్లో పాదచారి నిర్లక్ష్యం అని రాస్తారు. నాలుగు కిలోమీటర్లు తిరగమని గీసినవాడి నిర్లక్ష్యం గురించి ఒక్క ముక్క రాయరు.

ఇది మన ఒక్క రోడ్డు సంగతి కాదు. కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారమే 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 32,825 మంది నడిచి పోయేవాళ్లు. అంటే చనిపోయిన ప్రతి ఐదుగురిలో ఒకరు ఏ బండీ ఎక్కని మనిషి. దేశంలోని మొత్తం రోడ్ల పొడవులో జాతీయ రహదారుల వాటా రెండు శాతం చిల్లర. చావుల్లో వాటి వాటా మాత్రం మూడో వంతు పైనే. రోడ్డు వెడల్పైతే ప్రమాదాలు తగ్గుతాయన్న మాట కారులో కూర్చున్నవాడి లెక్క. వెడల్పైన రోడ్డు మీద వేగం పెరుగుతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో కారు గుద్దినప్పటి కంటే 65తో గుద్దితే నడిచే మనిషి చనిపోయే ప్రమాదం నాలుగున్నర రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వేగం పెంచే రోడ్డు వేస్తే నడిచేవాడికి విడి దారి వేసి తీరాలి.

కొల్లేటి దారుల్లో పక్కకు తప్పుకుంటే నీళ్లే

మెరక ఊళ్లలోనైతే లారీ వస్తే కనీసం చేలోకి దిగొచ్చు. కొల్లేట్లో అదీ లేదు. ఏలూరు నుంచి కైకలూరు పోయే రోడ్డు మీద చాలా చోట్ల ఒక పక్క చెరువు, ఇంకో పక్క కాలువ లేదా కిక్కిస. మార్జిన్ జానెడు. చేపల లారీల నుంచి నీళ్లు కారి రోడ్డు జారుతూ ఉంటుంది. చెరువుల మీద కూలికి పోయే ఆడవాళ్లు, మేత బస్తా సైకిల్‌కు కట్టుకుని పోయేవాళ్లు ఆ జానెడు మార్జిన్ మీదే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పోతున్నారు.

ఇక్కడ రోడ్డు వెడల్పు అంటే ఇంకో ప్రమాదమూ ఉంది. కొల్లేట్లో రోడ్డు గట్టు అంటే ఆనకట్టే. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు నీళ్లన్నీ కొల్లేట్లోకి దిగి ఉప్పుటేరు దారిన సముద్రంలోకి పోవాలి. మధ్యలో గట్టు వెడల్పు చేసి, తూములు పాత లెక్కలోనే ఉంచితే ఎగువ ఊళ్లు మునుగుతాయి. పెదఎడ్లగాడి వంతెన ఖానాల్లో గుర్రపు డెక్క అడ్డం పడితే ఏమవుతుందో మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచింది. ఆ నీళ్లే తర్వాత కొల్లేటి మీదకు వచ్చాయి. చినఎడ్లగాడి దగ్గర నీళ్లు రోడ్డెక్కి ఏలూరు, కైకలూరు మధ్య రాకపోకలు ఆగిపోయాయి.

కాబట్టి కొల్లేట్లో మనం అడగాల్సింది మట్టి పోసి గట్టు వెడల్పు చేయమని కాదు. నీళ్లు పారే చోట ఎక్కువ ఖానాలతో వంతెన కట్టమని, ఆ వంతెన మీద రెయిలింగు కట్టి నడిచేవాళ్లకు, సైకిళ్లకు విడి బాట వదలమని. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించిన ప్రాంతం ఇది. ఇక్కడ రోడ్డు పనికి వన్యప్రాణి బోర్డు అనుమతి కావాలి. ఆ అనుమతి కాగితంలోనే నడిచే బాట కూడా రాయించాలి. అప్పుడు రాయించకపోతే తర్వాత అభయారణ్యం పేరు చెప్పి అడుగు కూడా పెంచరు. ఆకివీడు నుంచి దిగమర్రు వరకు 165వ నంబరు రహదారిని నాలుగు వరుసలు చేసే విషయంలో ఎలైన్‌మెంట్ ఎటు పోవాలా అని వాదనలు నడిచాయి. ఎటు పోయినా సరే, దాని పక్కన మనిషి నడిచే బాట ఉందా లేదా అన్నది ఆ వాదనల్లో వినిపించలేదు. వినిపించేలా చేయాల్సింది మన సంఘమే.

వాళ్లు చెప్పే సాకులు

మొదటి సాకు: ఇప్పుడు సైకిల్ ఎవరు తొక్కుతున్నారు, అందరికీ బైకులొచ్చాయిగా? బడికొస్తా పథకం కింద హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్లు పంచింది ప్రభుత్వమే. సైకిల్ ఇచ్చింది, దారి ఇవ్వలేదు. హైవే మీద పిల్లను పంపడానికి భయపడి ఆ సైకిల్‌ను వసారాలో పెట్టిన ఇళ్లు ఎన్ని లేవు? సైకిళ్లు కనపడకపోతే అవసరం లేదని కాదు, దారి లేదని అర్థం. పైగా బైకున్న ఇంట్లోనూ బైకు మగవాడి చేతిలో ఉంటుంది. ఆడవాళ్లు, ముసలివాళ్లు, కూలీలు ఇంకా నడుస్తూనే ఉన్నారు.

రెండో సాకు: రోడ్డు మార్జిన్ ఇస్తే రైతులు ధాన్యం ఆరబోస్తారు. అవును, ఆరబోస్తున్నారు. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. ఊళ్లో కళ్లాలు లేవు. వాన మబ్బు పట్టిన రోజు రైతు ధాన్యం ఎక్కడ పోసుకోవాలి? కళ్లాలు కట్టించే బాధ్యత ఎవరిదో వాళ్లు నెరవేరిస్తే రోడ్డు మీద గింజ కూడా కనపడదు. మన వైపు నుంచి ఒక మాట మాత్రం గట్టిగా చెప్పుకోవాలి. మనం పోరాడి తెచ్చుకునే బాట మీద ధాన్యం పోయకూడదు, దుకాణం పెట్టకూడదు, ట్రాక్టరు ఆపకూడదు. అది పిల్లల దారి.

మూడో సాకు: బాట అంటే ఇంకా భూమి పోతుంది, అది మీకే నష్టం. ఇది రైతును రైతు మీదకు ఎగదోసే మాట. పాత హైవే వెంబడి ఇప్పటికే సేకరించిన స్థలం ఉంది, బాట అందులోనే వేయొచ్చు. కాలువ గట్టు పక్కనే ఉంటే గట్టును బాగుచేసి బాట చేయొచ్చు. కొత్తగా తీసుకునే చోట 60 మీటర్లలోనే నాలుగు మీటర్లు దీనికి కేటాయించాలి. అదనంగా సెంటు కూడా ఇవ్వక్కర్లేదు.

ఇవన్నీ ధనిక దేశాల ముచ్చట్లు అనేవాళ్లకు ఇంకో మాట. సైకిళ్ల దేశమని ఇప్పుడు చెప్పుకునే నెదర్లాండ్స్‌లో 1971లో నాలుగు వందల మందికి పైగా పిల్లలు రోడ్ల మీద చనిపోయారు. అదీ మన డెల్టాలాగే కాలువలు, గట్లు ఉన్న పల్లపు దేశమే. అక్కడ తల్లిదండ్రులు, జనం పిల్లల్ని చంపడం ఆపండి అని వీధుల్లోకి వచ్చారు. సైకిల్ బాటలు ఆ పోరాటంతో వచ్చాయి. అడగందే అమ్మయినా పెట్టదు.

చట్టం మన వైపు ఉంది, గడువే తక్కువ

నడిచేవాళ్లకు సరైన ఫుట్‌పాత్ ఉండటం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని 2025 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 198ఎ సెక్షన్ చేర్చారు. దాని ప్రకారం రోడ్డును ప్రమాణాల ప్రకారం గీయకపోవడం, వేయకపోవడం వల్ల మనిషి చనిపోతే, వైకల్యం పాలైతే కాంట్రాక్టరు, కన్సల్టెంటు, ఆ రోడ్డు బాధ్యత ఉన్న అధికార సంస్థ లక్ష రూపాయల వరకు జరిమానాకు బాధ్యులు. నడిచే బాటలకు, సైకిల్ బాటలకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ విడివిడిగా ప్రమాణాలు రాసి పెట్టింది. మనం కొత్తగా కోరేది ఏమీ లేదు. వాళ్లు రాసుకున్నది అమలు చేయమంటున్నాం.

చిక్కు గడువుతోనే. జాతీయ రహదారుల చట్టం కింద 3ఎ నోటిఫికేషన్ వచ్చాక అభ్యంతరం చెప్పడానికి ఇచ్చేది 21 రోజులు. 3డి వచ్చిందంటే భూమి కేంద్ర ప్రభుత్వానిదే. 3ఎ వచ్చేనాటికే నక్షా గీసేసి ఉంటుంది. ఇక రాష్ట్ర రోడ్ల సంగతి. 2013 భూసేకరణ చట్టంలో సామాజిక ప్రభావ మదింపు అని ఒక మంచి నిబంధన ఉండేది, ఊరివాళ్లను కూర్చోబెట్టి అడగాలి. 2018లో రాష్ట్ర సవరణ చట్టం తెచ్చి మౌలిక సదుపాయాల ప్రాజెక్టులను దాని నుంచి మినహాయించే వీలు ప్రభుత్వం కల్పించుకుంది. ఊరిని అడిగే తలుపు మూసేశారు కాబట్టి, వాళ్లు అడగకముందే మనం చెప్పాలి. డీపీఆర్ తయారవుతోందని తెలిసిన రోజే మన కాగితం కలెక్టరు దగ్గర ఉండాలి.

మన డిమాండ్లు

1. ఏ రోడ్డు వెడల్పు ప్రతిపాదన అయినా డీపీఆర్ ఖరారు కాకముందే గ్రామసభలో నక్షా తెలుగులో పెట్టి వివరించాలి.

2. ఊళ్లున్న ప్రతి చోటా, ఊరికి అటూ ఇటూ కనీసం రెండు కిలోమీటర్లు, రెండు వైపులా రెండేసి మీటర్ల బాట వేయాలి. బళ్ల దారికి, బాటకు మధ్య గట్టి అడ్డు ఉండాలి. గీత గీసి వదిలేస్తే ఒప్పుకోం.

3. గోదావరి వైపు పుంత అన్నా, కృష్ణా వైపు డొంక అన్నా, పొలాలకు పోయే దారిని కొత్త రోడ్డు నరికిన ప్రతి చోటా ధాన్యం లోడుతో ట్రాక్టరు, వరికోత మిషను పట్టే అండర్‌పాస్ కట్టాలి.

4. డివైడరు గ్యాపులు, బస్సు ఆగే చోట్లు, బడి దగ్గర దాటే చోట్లు ఊరివాళ్లు చూపించిన దగ్గరే పెట్టాలి.

5. కొల్లేటి దారుల్లో గట్టు వెడల్పు బదులు ఎక్కువ ఖానాల వంతెనలు కట్టాలి, ప్రతి వంతెన మీదా నడిచే బాట ఉండాలి.

6. ప్రతి గ్రామానికి ధాన్యం ఆరబెట్టే ఉమ్మడి కళ్లం కట్టించాలి.

సంఘం శాఖలు చేయాల్సిన పని ఇదీ. మీ ఊరి మీదుగా పోయే రోడ్డు వెంబడి ఒక రోజు నడవండి. పిల్లలు ఎక్కడ దాటుతున్నారు, పుంత ఎక్కడ తెగింది, తూము ఎక్కడ పూడింది, చీకటి పడితే ఎక్కడ కనపడదు, అన్నీ కిలోమీటరు రాళ్ల నంబర్లతో రాయండి. ఆ జాబితాను పంచాయతీ తీర్మానంగా చేయించి కలెక్టరుకు, రోడ్లు భవనాల శాఖకు, జాతీయ రహదారుల సంస్థకు ఇచ్చి రసీదు తీసుకోండి. ఒక కాపీ సంఘం ఆఫీసుకు పంపండి. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా, కైకలూరు నుంచి ఆకివీడు దాకా ఊరూరి జాబితాలు ఒక్కచోట చేరితే, స్థలం లేదన్న మాట ఏ ఇంజినీరూ మన ముఖం మీద అనలేడు.