ఒక్క చెంచానే కదా అనకండి



మెహమాన్ కంచం ఖాళీగా కనిపిస్తే మన ఇళ్ళల్లో మేజ్బాన్‌కి మనసు ఊరుకోదు. "ఇంకొంచెం", "నా కోసం ఒక్క ముద్ద", "తినకపోతే నామీద ఒట్టే" అంటూ వడ్డించేదాకా వదలం. మన తహజీబ్‌లో ఇదొక అందమైన సంగతే. కానీ ఈ జిద్దు వల్ల ఒంటికి నుక్సాన్ జరిగే మనుషులు కూడా మన దస్తర్‌ఖాన్ మీద కూర్చుంటున్నారు. వాళ్ళ తరఫున ఈ నాలుగు మాటలు.

నా భాంజీకి సీలియాక్ ఉంది. మా ఆపా వాళ్ళది ఓడలరేవు. చిన్నప్పటి నుంచీ ఆ పిల్లకి కడుపుబ్బరం, విరేచనాలు. ఐరన్ మాత్రలు ఎన్ని వేసినా రక్తం పెరిగేది కాదు. ఈడు పిల్లల పక్కన నిలబడితే భుజాల దాకా కూడా వచ్చేది కాదు. నజర్ తగిలిందన్నారు, నులిపురుగులన్నారు. పదమూడో ఏట రక్తపరీక్ష, ఆ తర్వాత ఎండోస్కోపీ, పేగు ముక్క పరీక్ష అయ్యాక బీమారీ పేరు తెలిసింది. ఇప్పుడు పంతొమ్మిదేళ్ళు. గోధుమ మానేసిన ఈ ఆరేళ్ళలో రక్తం పట్టింది, పొడుగెదిగింది, కాలేజీకి వెళ్తోంది. అల్హమ్దులిల్లాహ్. దీనికి దవా లేదు. పర్హేజే ఇలాజ్, అదీ జిందగీ మొత్తం.

గోధుమ, బార్లీ, రై గింజల్లో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. సీలియాక్ ఉన్న మనిషి అది తింటే, ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే సొంత చిన్న పేగు మీద పడుతుంది. పేగు లోపలి గోడకి మఖ్మల్ బట్ట మీద నూగులాంటి విల్లై ఉంటాయి. తిన్నదాంట్లో సారం పీల్చుకునేవి అవే. అవి అరిగి చదునైపోతే ఎంత తిన్నా ఒంటికి పట్టదు. రక్తహీనత, ఎముకల బలహీనత, పిల్లల్లో ఎదుగుదల ఆగిపోవడం, ఆడవాళ్ళలో గర్భం నిలవకపోవడం, అన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి. హాలెండ్‌లో డికే అనే పిల్లల డాక్టర్ ఈ సంబంధాన్ని పట్టుకుని 1950లో తన థీసిస్‌లో రుజువు చేశాడు. రెండో ప్రపంచయుద్ధం చివర 1944–45 చలికాలంలో అక్కడ రొట్టె దొరక్క జనం అల్లాడుతుంటే, ఈ బీమారీ ఉన్న పిల్లలు మాత్రం కోలుకోవడం ఆయన కళ్ళారా చూశాడు.

"అది ఉత్తరాది వాళ్ళ జబ్బు, మనకెందుకొస్తుంది" అని ఒక చాచా నాతో వాదించారు. ఆ మాటలో సగం నిజముంది. 2016లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనం హర్యానా, అస్సాం, వేలూరు ప్రాంతాల జనాన్ని పోల్చి చూసింది. ఉత్తరాన నూటికి 1.23 మంది రక్తంలో సీలియాక్ యాంటీబాడీలు తేలితే, వేలూరు వైపు నూటికి 0.10, అంటే వెయ్యికి ఒకరు. కానీ ఈ బీమారీకి దారిచ్చే జన్యువులు మాత్రం మూడు చోట్లా సుమారు మూడో వంతు మందిలో ఉన్నాయి. పెద్ద తేడా కనిపించింది కంచంలో. ఉత్తరాన రోజుకి సగటున 455 గ్రాముల గోధుమ తింటుంటే, దక్షిణాన తినేది 25 గ్రాములు. దీన్నిబట్టి నాకు అర్థమైంది ఏంటంటే, మన నెత్తుటిలో లేకపోవడం కాదు, మన అన్నం మనల్ని చాలావరకు కాపాడుతూ వచ్చింది.

మరి ఆ అన్నం కంచం ఇప్పుడు అలాగే ఉందా? షుగర్ వచ్చిన ప్రతి ఇంట్లో రాత్రిపూట చపాతీ. పిల్లల డబ్బాలో బ్రెడ్డు, నూడుల్స్. కోనసీమ నుంచి కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్ళినవాళ్ళకి అక్కడ పూట పూటకీ ఖుబూస్. అంగన్‌వాడీలో పసిపిల్లలకిచ్చే బాలామృతంలోనూ గోధుమ ఉంటుంది. ఎదగని బిడ్డకి ఎంత పెట్టినా ఎదుగుదల కనిపించకపోతే, పెట్టింది పడుతోందా లేదా అని ఒకసారి ఆలోచించాలి. సీలియాక్ అరుదే. అరుదైంది కాబట్టే మన వైపు ఎవరికీ వెంటనే దాని ఖయాల్ రాదు.

నిజానికి ఓడలరేవులో ఈ పర్హేజ్ పాటించడం ఢిల్లీలో కంటే ఆసాన్. వైనతేయ గోదావరి సముద్రంలో కలిసే ఊరు, చుట్టూ వరి, కొబ్బరి, చేపలు. అన్నం, ఇడ్లీ, పెసరట్టు, దిబ్బరొట్టె, అంబాజీపేట పొట్టిక్కలు, ఆత్రేయపురం పూతరేకులు, వీటిలో గోధుమ లేదు. జొన్న, సజ్జ, రాగి నిశ్చింతగా తినొచ్చు. మా ఆపా వంటింట్లో ఆ పిల్లకి ఏ కమీ లేదు.

ముష్కిల్ అంతా దాక్కున్న గోధుమతోనే. బొంబాయి రవ్వ గోధుమే. సేమియా గోధుమే. తాపేశ్వరం కాజా మైదా. పొరుగింటి వాళ్ళు మొహబ్బత్‌తో తెచ్చిచ్చే అన్నవరం ప్రసాదం గోధుమ నూకతో చేసేది. చాలా ఇంగువ డబ్బాల్లో మైదానో గోధుమపిండో కలిపి ఉంటుంది, సోయా సాస్‌లో సాధారణంగా గోధుమ ఉంటుంది. పిండిమరలో మన ముందు ఎవరో గోధుమలు ఆడించుకుని వెళ్తే, ఆ పిండి మన బియ్యప్పిండిలోకి వస్తుంది. సమోసాలు వేగిన నూనెలో శనగపిండి బజ్జీ వేసినా అంతే. ఇక బీమార్ అయితే చూడ్డానికి వచ్చేవాళ్ళు తెచ్చేవేంటి? బ్రెడ్డు, హార్లిక్స్. జ్వరమొస్తే కాచి ఇచ్చేదేంటి? బార్లీ నీళ్ళు. మూడింట్లోనూ గ్లూటెనే. పాపం, తెచ్చినవాళ్ళ నియ్యత్‌లో ఏ లోపమూ లేదు.

"ఒక్క చెంచాకి ఏమవుతుంది" అనేవాళ్ళ కోసం ఒక లెక్క. రోజుకి 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలు కడుపులోకి వెళ్తే పేగు దెబ్బతింటుందని పరిశోధకులు చూపించారు. గోధుమపిండిలో సుమారు పదో వంతు గ్లూటెన్ అనుకుంటే, 50 మిల్లీగ్రాములంటే అర గ్రాము పిండి. చిటికెడు. అందుకే గ్లూటెన్ లేదని డబ్బా మీద రాయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశపు ఆహార నిబంధన. ఒక్కోసారి తిన్న వెంటనే పైకి ఏమీ కనిపించదు కూడా. "చూశావా, ఏమీ కాలేదు" అంటాం. లోపల పేగు సంగతి మనకేం తెలుసు?

ఇక అసలు మాట. మా భాంజీకి అన్నిటికంటే భారమైన రోజులు రమజాన్, ఈద్, షాదీలు. ఇఫ్తార్‌లో సమోసా, హలీమ్. దావత్‌లో నాన్, డబల్ కా మీఠా. ఈద్ నాడు షీర్ ఖుర్మా. ఏది వద్దన్నా ఎవరో ఒక ఖాలా నొచ్చుకుంటుంది. "ఈద్ నాడు మా ఇంటి షీర్ ఖుర్మా ముట్టకుండా వెళ్తావా" అని ఒకరు, "బర్కత్ కోసం ఒక్క ముద్ద" అని ఇంకొకరు. పెద్దల లిహాజ్‌తో ఆ పిల్ల తల దించుకుంటుంది. రోజా ఉండటం తనకి కష్టం కాలేదు. రోజా విప్పే చోట మనుషులే కష్టమయ్యారు.

నేను ఆలిమ్‌ని కాదు. అయినా ఇంత మాత్రం ప్రతి ముసల్మాన్‌కీ తెలుసు: మన ఏ ఇబాదత్‌లోనూ గోధుమ తినడం షర్త్ కాదు. కేథలిక్ సోదరుల సంగతి చూడండి. వాళ్ళ బలిపూజలో ఇచ్చే అప్పం గోధుమతోనే ఉండాలి. గ్లూటెన్ బొత్తిగా తీసేసింది చెల్లదని, తక్కువగా ఉన్నది చెల్లుతుందని వాటికన్ 2017లో మళ్ళీ గుర్తుచేసింది. మనకి ఆ చిక్కే లేదు. హలీమ్ రివాజ్, దీన్ కాదు. తల్బీనా యవలతో చేస్తారు, దాని ఫజీలత్ హదీసుల్లో ఉంది, నిజమే. కానీ యవలు హాని చేసే మనిషికి ఖర్జూరం, పాలు, తేనె లేవా? బీమార్‌కి రోజా విషయంలోనే సహూలత్ ఇచ్చిన దీన్, సమోసా విషయంలో ఇవ్వదా?

అసలు షీర్ ఖుర్మా అనే మాట చూడండి. షీర్ అంటే పాలు, ఖుర్మా అంటే ఖర్జూరం. పేరులో సేమియా ఎక్కడుంది? పాలు, ఖర్జూరం, బాదం, పిస్తాతో కాచినా అది షీర్ ఖుర్మానే. హలీమ్‌లో గోధుమ బదులు బియ్యమో జొన్ననో వేసి ఉడికిస్తే హైదరాబాద్ హలీమ్ రుచి రాకపోవచ్చు, పిల్ల మాత్రం అందరితో కూర్చుని తింటుంది.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. ఇప్పుడు మా ఆపా ఇంట్లో రిష్తా మాటలు నడుస్తున్నాయి. "ఈ సంగతి ఇప్పుడే చెప్పొద్దు, నికాహ్ అయ్యాక నెమ్మదిగా చెప్పుకోవచ్చు" అని సలహా ఇచ్చేవాళ్ళు తక్కువేం లేరు. నేను ఒప్పుకోను. దాచిపెట్టి పంపితే, కొత్త ససురాల్‌లో మొదటి రోజు నుంచే ఆ పిల్ల అబద్ధమో రొట్టో మింగాలి. రెండూ హానే. పర్హేజ్ సరిగ్గా చేసే అమ్మాయి చదువుతుంది, ఉద్యోగం చేస్తుంది, తల్లి అవుతుంది. తనకి కావాల్సిందల్లా ఒక విడి పెనం, ఒక విడి గరిటె, మూతపెట్టిన డబ్బాలు. అది విని వెనక్కి వెళ్ళిపోయే ఖాందాన్ ముందే వెళ్ళిపోవడం మేలు. ఇది అంటురోగం కాదు. దగ్గరి రక్తసంబంధీకుల్లో మాత్రం పదిమందిలో ఒకరి దాకా ఉండొచ్చు కాబట్టి, ఇంట్లో ఒకరికి తేలితే అమ్మానాన్నలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు కూడా రక్తపరీక్ష చేయించుకోవాలి. పరీక్షకి ముందు గోధుమ మానేయకండి, మానేస్తే పరీక్షలో అసలు విషయం బయటపడకపోవచ్చు.

బరువు తగ్గడానికని షౌక్‌గా గ్లూటెన్ మానేసేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. వాళ్ళని చూసి, నిజంగా బీమారీ ఉన్నవాళ్ళని కూడా "ఫ్యాషన్" అని నవ్వేవాళ్ళూ ఎక్కువయ్యారు. షౌక్‌కీ మజ్బూరీకీ ఫరక్ తెలుసుకుందాం.

సబ్ర్ చెయ్యమని ఆ పిల్లకి అందరం చెప్తాం. తను చేస్తూనే ఉంది. ఇక చెయ్యాల్సింది మేజ్బాన్లమైన మనం. దావత్‌కి పిలిచేటప్పుడు "మీ ఇంట్లో ఎవరికైనా పర్హేజ్ ఉందా" అని ఒక్క మాట అడుగుదాం. ఉందంటే, వాళ్ళ గిన్నె ముందే, శుభ్రమైన గరిటెతో తీసి పక్కన పెడదాం. వద్దన్నవాళ్ళని రెండోసారి అడగొద్దు. వచ్చే ఈద్‌కి సేమియా వెయ్యకముందే ఒక చిన్న గిన్నె షీర్ ఖుర్మా పక్కకి తీసి ఉంచండి. తినేవాళ్ళు ఎవరూ రాకపోతే మీరే తాగండి, అది కూడా బాగుంటుంది.