ప్రేమవిందులో పంక్తిభేదము

మన క్రైస్తవసంఘములలో పెట్టెడి చేతులకు కొఱత లేదు. క్రిస్మసు పండుగకు చీరలు పంచువారు కలరు. బిడ్డ పుట్టిన యింటికి బియ్యము పంపువారు కలరు. ఆసుపత్రిలో నున్న రోగికి క్యారియరుతో అన్నము తీసికొనిపోవువారు కలరు. పెట్టుటయందు మనము లోభులము కాము. కాని పేదవాని చేతినుండి పుచ్చుకొనుటయందు మనవంటి లోభులు లేరు. మొదటి గుణమును గూర్చి పండుగపూట ప్రసంగములు చాల జరుగుచున్నవి. రెండవ దోషమును గూర్చి యెవ్వరును నోరు మెదపరు. నేనీ వ్యాసమున నిందింపబూనినది ఆ దోషమునే.

కోస్తా జిల్లాలలోని యొక పట్టణమున నేను కొన్నియేండ్లు ఒక సంఘమునందు సభ్యుడనుగా నుంటిని. అక్కడ పదునాలుగు కుటుంబములము చేరి స్నేహమండలి యొకటి నెలకొల్పుకొంటిమి. నెలకొక ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట ఇంటికొక వంటకము తెచ్చి అందఱమును చాపలమీద కూర్చుండి తినవలెను. ఎవరికైన జబ్బుచేసినయెడల వంతులు వేసికొని భోజనము పంపవలెను. ఆపదలకై కొంత చందా కూడబెట్టవలెను. ఇవి మా నియమములు. నేనును వానిక్రింద సంతకము చేసినవాడనే.

మా మండలిలో పురపాలక సంఘమువారి వీథులూడ్చు పని చేసికొని బ్రదుకు వితంతువొకతె యుండెను. ఆమె నెలనెలయు ఇత్తడిగిన్నెలో చింతచిగురు పప్పు వండి తెచ్చెడిది. ఆ గిన్నె మూత తీసినవారు లేరు. వలదని యెవ్వరును చెప్పలేదు. "విస్తరి నిండిపోయినదమ్మా" యని యొకరనిరి. "నాకు పులుపు పడదు" అని మఱియొకరనిరి. అనుచునే చింతపండు పులిహోర రెండవమాఱు వడ్డించుకొనిరి. నేనేమి చేసితినని చదువరులడుగవచ్చును. నేను ఆ గిన్నెవంక చూడనట్లు నటించితిని. నాలుగవ నెల ఆమె గిన్నె లేకుండ వచ్చినది. భోజనములైన పిమ్మట ఎంగిలాకులెత్తుటకు లేచినది. "ఎంత సేవాభావము!" అని అందఱును మెచ్చుకొనిరి. అయిదవ నెల ఆమె రాలేదు.

పిమ్మట ఆమెకు జ్వరము వచ్చినది. మండలి నియమము తప్పలేదు. పదిదినములు క్యారియరు ఆమె గుమ్మమునకు పోయినది. కడపటి వంతు నాది. అన్నము గుమ్మమున నుంచి తిరిగిపోవుచుండగా ఆమె నిలిపి, "పదిరోజులు మీ యిళ్ళ అన్నం తిన్నానయ్యా. ఒక్కసారి నా చేతి నీళ్ళు తాగి వెళ్ళండి, నా బాకీ తీరుతుంది" అన్నది. నేను లోపలికి పోయి కూర్చుండి త్రాగితిని. కాని త్రాగుటకు ఆమె అడుగవలసి వచ్చినది. ఆ సిగ్గే నాచేత ఈ వ్యాసము వ్రాయించుచున్నది.

"భోజనమనగా కడుపుకు సంబంధించిన చిన్న విషయము; విశ్వాసమునకు దానితో నేమి పని?" యని కొందఱు పెద్దలందురు. వారు తమ గ్రంథమును తాము సరిగా చదువలేదని చెప్పవలసియున్నది. అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి భోజనము చేయుచుండెను. యెరూషలేమునుండి కొందఱు రాగానే వారికి జంకి పంక్తిని విడిచెను. పేతురు ఏ సిద్ధాంతమును త్రోసివేయలేదు. ఏ ప్రార్థనను మానలేదు. లేచి వేఱుగా కూర్చుండెను, అంతమాత్రమే. దానికే పౌలు అందఱియెదుట అతనిని ముఖాముఖిగా నెదిరించెను. కొరింథులోనైతే కలిగినవారు తమ భోజనము తాము ముందుగా తినివేయగా లేనివారు ఆకలితో నుండిపోవుచుండిరి. అట్టి భోజనము ప్రభువు భోజనమే కాదని పౌలు తీర్పు చెప్పెను. పంక్తిభేదము మర్యాదలోపము మాత్రమేయైనచో ఆయన అంత తీవ్రముగా మాటలాడియుండడు.

తొలినాటి సంఘములు ఈ మర్మము నెఱిగియుండెను. కార్తేజి పట్టణపు తెర్తుల్లియను సుమారు 197వ సంవత్సరమున వ్రాసిన సమర్థనగ్రంథములో తమవారి యాచారమును వర్ణించెను. నెలకొకమాఱు ఎవరి శక్తికొలది వారు, ఇష్టపూర్వకముగా, పెట్టెలో కొంత వేయుదురు; ఆ సొమ్ము పేదల ఆకలికిని, వారి పాతిపెట్టు ఖర్చులకును, అనాథ బాలబాలికలకును, ముసలివారికిని, ఓడ పగిలి సర్వము పోగొట్టుకొన్నవారికిని వినియోగింతురు; తమ విందును గ్రీకుభాషలో ప్రేమయను మాటతోనే పిలుతురు. ఒకే పెట్టె, ఒకే పంక్తి. నాలుగవ శతాబ్దమున లవొదికయలో కూడిన సభ ఆలయములలో ఇట్టి విందులు చేయరాదని నిషేధించెను. సంస్కారము మిగిలెను, విందు తొలగెను. నేడు ఆదివారమునాడు మనకు దొరకు రొట్టెముక్క యెంత చిన్నదనగా దానిని కాల్చినవారెవరో యడుగ నక్కఱయే లేదు! అందుచేతనే కాబోలు, ప్రభువు బల్లయొద్ద మోకరించుటకు మనకు సంకోచము లేదు; పొరుగువాని పీటమీద కూర్చుండుటకే సంకోచము.

ఈ దేశమున ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 1850లో మద్రాసులోని మిషనరీల సమాలోచనసభ కులమును గూర్చి యొక తీర్మానము చేసినది. కులమును విడిచినట్లు నిదర్శనముగా, తగిన సందర్భమున తక్కువకులమని యెంచబడువాడు వండిన అన్నమునైనను తినుటకు సమ్మతింపనివానిని ప్రభువు బల్లకు చేర్చుకొనరాదని దాని సారాంశము. తీర్మానము మంచిదే. కాని పరీక్షించినవారు తాము పరీక్షకు నిలిచిరా? దేశీయ క్రైస్తవుని అన్నపుపంక్తిని శోధించిన దొరలలో ఎందఱు అతనిని తమ భోజనపుబల్లయొద్ద సమానునిగా కూర్చుండబెట్టుకొనిరి? అఱువదియేండ్లకు, 1910లో, ఎడిన్బరో మహాసభలో దీనికి జవాబు వచ్చినది. తిరునల్వేలినుండి వచ్చి మన తెనుగుదేశపు దోర్నకలులో పని చేయుచుండిన వేదనాయకము శామ్యూలు అజరయ్యగారు ఆ సభలో నిలిచి, మిషనరీల త్యాగములను, దానములను నిండుమనస్సుతో నొప్పుకొని, ఇక మాకు కావలసినది స్నేహితులని చెప్పిరి. ఆ మాట సభలో ననేకులకు రుచింపలేదు. రెండేండ్లకు, 1912లో, ఆయనయే దోర్నకలు బిషప్పుగా అభిషిక్తులై, ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన మొదటి భారతీయులైరి.

ఆ మాటకు మనము చప్పట్లు కొట్టుచున్నాము. ఏలయన అది దొరలకు తగిలినది. అదే మాట నేడు మా మండలిలోని వితంతువు మనతో ననినయెడల? దొర బల్ల తెఱవలేదని నొచ్చుకొన్నవారమే మన గుమ్మములను మూసికొని కూర్చుంటిమి. రెడ్డి కమ్మ క్రైస్తవులు మాల మాదిగ క్రైస్తవుల యింట చేయి కడుగరు. అంతతో నాగినదా? మాలలకును మాదిగలకును నడుమ గూడ అనేక గ్రామములలో వేఱు వేఱు ప్రార్థనాలయములు, వేఱు వేఱు విందులు నున్నవి. పైవాడు తనకు చేసిన యవమానమును క్రిందివానికి అప్పగించుటయే మన సంప్రదాయమైనది. బాప్తిస్మపు నీటిలో కులము కరగలేదు, తడిసి బరువెక్కినది!

సహాయమునకును ఇదియే న్యాయము. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును పీడించిన మహాక్షామమున ఒంగోలులోని అమెరికను బాప్టిస్టు మిషనరీ క్లౌగు దొరగారు బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని వేలకొలది పేదలకు పని కల్పించిరి. కఱవుసహాయము జరుగుచున్నంతకాలము, అన్నమునకై మతములో చేరిరన్న నింద రాకుండ, బాప్తిస్మములను నిలిపివేసిరి. పిమ్మట 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మలో ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. చరిత్రకారులు ఈ సంఖ్యనే చెప్పుదురు. నాకు అంతకన్న గొప్పగా తోచునది కాలువ. అక్కడ ఆకలిగొన్నవాడు చేయి చాపలేదు, పాఱ పట్టెను. కూలి తీసికొన్నవాడు తల వంపనక్కఱలేకపోయెను. మనమో, చీర యిచ్చి ఛాయాపటము తీయించుకొనుచున్నాము. అయిదు కిలోల బియ్యపుసంచి వెనుక పదిమంది పెద్దలు నిలువబడుచున్నారు! పుచ్చుకొన్నవాని ముఖమున నున్న సిగ్గు ఆ పటములో స్పష్టముగా పడుచున్నది. చూడగల కన్నులే లేవు.

ఇక ఆక్షేపణలకు వత్తును.

మొదటిది శుభ్రత. పేదయిళ్లలో శుభ్రత తక్కువయని కొందఱందురు. హోటలుకు పోయినప్పుడు వంటయింటిలో తొంగిచూచి తినుచున్నారా? అక్కడ వండువాని పేరైన మీకు తెలియదు. తెలియని చేతి యన్నమునకు డబ్బిచ్చి తిని, తెలిసిన సహోదరి ప్రేమతో వండినదానికి శంకించుట శుభ్రత కాదు. కులమే సబ్బు పూసికొని వచ్చినది.

రెండవది మాంసవిషయము. కొందఱు తినెడి మాంసము మఱికొందఱు తినరు, నిజమే. తిననిదానిని విడిచి తినునదానిని తినుడు, ఎవ్వరును బలవంతపెట్టరు. కాని చింతచిగురు పప్పులో నేమాంసమున్నది?

మూడవది కాలము. "మెల్లమెల్లగా మాఱును, తొందరపడరాదు" అని పెద్దలు చెప్పుదురు. 1850 నాటి తీర్మానమునకు నూటడెబ్బదియేండ్లు నిండినవి. ఇంకను తొందరపడుచున్నది ఎవరు?

నాలుగవది కొంత మంచిమనస్సుతో చేయునట్టిది. దీనికి నెమ్మదిగా సమాధానము చెప్పవలెను. "పేదవారింట తిని వారికి ఖర్చు కలిగించుట క్రూరము కాదా?" అని యడుగుదురు. సారెపతు విధవరాలి తొట్టిలో కడపటి పట్టెడు పిండి యున్నప్పుడు ఏలీయా ఆమెను రొట్టె యడిగెను. సమరయ స్త్రీని, తన జాతివారు పొత్తు చేయని జాతిదానిని, క్రీస్తు మొట్టమొదట అడిగినది త్రాగుటకు నీరు. ఆయన ఉపదేశముతో మొదలుపెట్టలేదు, ధర్మముతో మొదలుపెట్టలేదు, దాహముతో మొదలుపెట్టెను. అడుగుటవలన ఆమె దానము పుచ్చుకొనునది గాక ఇచ్చునదాయెను. పేదవాని ఖర్చు తగ్గింపదలచిన, పచ్చడిమెతుకులు తినుడు, మంచినీరు త్రాగుడు. పేదవాని గౌరవమును తగ్గించి ఖర్చును మిగుల్చుటకు మీకెవరు అధికారమిచ్చిరి? ఎల్లప్పుడు పుచ్చుకొనువాడు స్నేహితుడు కాడు, ఆశ్రితుడు. ఎల్లప్పుడు ఇచ్చువాడును స్నేహితుడు కాడు, యజమానుడు. ఇచ్చిపుచ్చుకొనుట యున్నచోటనే స్నేహమున్నది.

నిందించి యూరకుండుట సంస్కర్త పని కాదు గనుక నాకు తోచిన నాలుగు మాటలు చెప్పెదను. మొదటిది: మండలి భోజనము ఆలయపు ఆవరణలోనే కాక, వంతుచొప్పున ప్రతి సభ్యుని యింటను జరుగవలెను. ఇల్లు ఇరుకైనచో వీథిలో చాప వేసికొందము. వచ్చుటకు మనసొప్పనివారు సభ్యత్వము మానుకొనుట నిజాయితీ. రెండవది: సహాయనిధి లెక్క అందఱికి చదివి వినిపింపవలెను, పుచ్చుకొన్నవారి పేరు మాత్రము చదువరాదు. ఛాయాపటము అసలే వలదు. మూడవది: పంచు అధికారమును అన్యాయము పొందినవారికే అప్పగింపవలెను. యెరూషలేములో గ్రీకుభాష మాటలాడు విధవరాండ్రను అనుదినపు పంపకములో ఉపేక్షించిరని సణుగు పుట్టినప్పుడు సంఘము ఏడ్గురిని ఏర్పఱచెను. ఆ యేడ్గురి పేర్లును గ్రీకుపేర్లే. సణిగినవారి పక్షముననే గరిటె పెట్టిరన్నమాట. మన సహాయసంఘములలో గరిటె యెవరి చేతనున్నది? నాలుగవది: వండినవారు వడ్డించి, కడపట అడుగంటినది తినుట స్త్రీల ధర్మమని భావించుట మానవలెను. పురుషులు వడ్డించుట నేర్చినయెడల ప్రేమవిందు పేరు కొంత సార్థకమగును.

ఆ పట్టణమును విడిచి నాకు చాలకాలమైనది. మా మండలి ఇప్పటికిని నియమము తప్పక నడచుచున్నదని వినుచున్నాను. నియమములలో లోపము నాడును లేదు.

సోదరసోదరీమణులారా! వచ్చు విందుదినమున ప్రార్థన ముగియగానే గరిటె పట్టకుడు. ఒక్క నిమిషము ఆగి వరుసగా నున్న గిన్నెలను చూడుడు. వానిలో మూత తీయని గిన్నె యొకటి యుండును. అది యెవరిదో మీకందఱికిని తెలియును. ముందుగా దానిని తెఱచి, తెచ్చిన చేతులతోనే మీకు వడ్డింపుమని యడుగుడు.