మోకాళ్లు అరిగేది ఎవరి పనిలో?

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో పత్తి తీసేది ఎక్కువగా ఆడవాళ్లే. మాధవరం, కోసిగి వైపు నుంచి గుంటూరు మిరపకోతలకు వలస పోయేవాళ్లలోనూ వాళ్లున్నారు. పొద్దంతా వంగి, గొంతుక్కూర్చుని చేసే పని. మోకాళ్లు నొప్పంటే మాత్రం "వయసు" అని తేల్చేస్తారు. వయసూ కారణమే, పనీ కారణమే. రెండోది ఎవరూ రాసుకోరు.

2017 ఆగస్టులో కేంద్రం కృత్రిమ మోకాలి కీళ్ల ధరలకు కళ్లెం వేసింది. సగటున లక్షన్నరకు పైగా పలికిన కోబాల్ట్ క్రోమియం కీలు, పన్ను కాక, 54,720 రూపాయలకు దిగింది. మంచిదే. కానీ ఆపరేషన్ తర్వాత వారాల తరబడి ఫిజియోథెరపీ కావాలి, గొంతుక్కూర్చోవద్దంటారు. కలుపు, నేలమీద పొయ్యి, దొడ్డికి పోవడం, ఆమె బతుకంతా గొంతుక్కూర్చునే కదా! ఈఎస్‌ఐ ఉన్న ఫ్యాక్టరీ కార్మికురాలికి జబ్బు చేస్తే ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది. పత్తి తీసే మనిషికి ఒక్కరోజు కూలీ రాదు. అందుకే ఆపరేషన్ వాయిదా పడుతుంది, నొప్పి మాత్రలు కడుపునూ కిడ్నీలనూ తింటాయి.

కూలి రేట్లు మాట్లాడే చోటే మన సంఘాలు ఇదీ అడగాలి: కోలుకునే నెలలకు కూలి, మండల ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టు.