చిరుద్యోగులకు సంఘమే అండ

పల్లెటూళ్లలో ప్రభుత్వం తరఫున పని చేసేవారంటే తహసీల్దారు, ఎం.పి.డి.ఓ.లు మాత్రమే కాదు. తెల్లవారక ముందే వీధులూడ్చే పంచాయతీ కార్మికుడు, మంచినీళ్ల ట్యాంకుకు మోటారు వేసే పంపు ఆపరేటరు, పసిపిల్లలకు అన్నం వండి గుడ్డు పెట్టే అంగన్‌వాడీ ఆయా కూడా ఆ కోవలోని వారే. ఊరికి వీరితో రోజూ పని పడుతుంది. వీరికి కష్టం వస్తే మాత్రం ఆదుకునేవారు అరుదు. ఆఫీసులో పది మంది మధ్య కూర్చునే గుమాస్తాకు పక్క బల్ల మనిషి అయినా తోడుంటాడు. ఊరికి ఒకరిద్దరుగా ఉండే వీరికి ఆ పాటి తోడు కూడా లేదు. కనుక సంఘంలో చేరవలసిన అవసరం అందరికన్నా వీరికే ఎక్కువ అనటంలో అతిశయోక్తి లేదు.

అంగన్‌వాడీల సంగతే చూద్దాం. సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975 అక్టోబరు 2న దేశంలో 33 ప్రాజెక్టులతో ఆరంభమైంది. నాటినుంచీ అంగన్‌వాడీ కార్యకర్తకు, ఆయాకు ఇచ్చేది గౌరవ వేతనమే గాని జీతం కాదని ప్రభుత్వాలు చెబుతూ వచ్చాయి. వీరివి ప్రభుత్వ ఉద్యోగాలు కావని 2006లో సుప్రీంకోర్టు కూడా తీర్పు చెప్పింది. 2018 అక్టోబరులో కేంద్రం తన వంతు వేతనాన్ని కార్యకర్తకు నెలకు 4,500 రూపాయలు, ఆయాకు 2,250 రూపాయలు చేసింది. రాష్ట్రాలు తమ వంతు కలుపుతాయి. ఆ కలిపేది ఎంత అన్నది ఎప్పుడూ అడిగి సాధించుకోవలసిందే అయింది. అడగందే అమ్మయినా పెట్టదన్న సామెత ఊరికే పుట్టలేదు.

గుజరాత్‌లోని దాహోద్ జిల్లా నుంచి వెళ్లిన కేసులో 2022 ఏప్రిల్ 25న సుప్రీంకోర్టు మరో తీర్పు ఇచ్చింది. 1972 నాటి గ్రాట్యుటీ చట్టం అంగన్‌వాడీ కార్యకర్తలకు, ఆయాలకు వర్తిస్తుందని అందులో స్పష్టం చేసింది. గ్రాట్యుటీ లెక్క ప్రకారం పూర్తి చేసిన ప్రతి సంవత్సరం సర్వీసుకు 15 రోజుల వేతనం ఇవ్వాలి. నెల వేతనాన్ని 26తో భాగించి రోజు వేతనం కడతారు. నెలకు 10 వేల రూపాయల మీద 20 ఏళ్లు పని చేసి దిగిపోయిన మనిషికి ఈ లెక్కన 1 లక్షా 15 వేల పైచిలుకు రావాలి. ముసలితనంలో కొడుకుల వైపు చేయి చాచకుండా కొంతకాలం వెళ్లదీయటానికి అది చిన్న మొత్తం కాదు.

అయితే తీర్పు రావటం వేరు, డబ్బు చేతికి రావటం వేరు. ఢిల్లీలో వచ్చిన తీర్పు సంగతి మారుమూల పల్లెలోని ఆయాకు ఎవరు చెప్పాలి? దరఖాస్తు ఎవరు నింపాలి? చేరిన తేదీ రికార్డులో తప్పు పడి ఉంటే ఎవరు సరిచేయించాలి? ఈ పనులన్నీ చేయగలిగేది సంఘమే. జీవో ప్రతి తెచ్చి చదివి వినిపించటం, ఇచ్చిన అర్జీకి రసీదు తీసుకోవటం, నెలల తరబడి నిలిచిపోయిన కేంద్రం అద్దె, గ్యాసు, కూరగాయల బిల్లుల మాట అధికారుల దృష్టికి తేవటం, సెలవు నిరాకరించినప్పుడు వెంట వెళ్లి మాట్లాడటం వంటివి పైకి చిన్న పనులే. కాని ఒంటరిగా వెళ్లిన మనిషిని రేపు రమ్మంటారు. మండలంలోని వారంతా సంతకాలు చేసిన అర్జీని పక్కన పడేయటానికి ఏ అధికారి అయినా కాస్త ఆలోచిస్తాడు. పది మంది చేతి కర్రలు ఒకరికి మోపు అన్నది ఇందుకే.

సంఘం అంటే సమ్మె అనే అపోహ పల్లెల్లో బాగా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరు 12న మొదలైన అంగన్‌వాడీల సమ్మె 42 రోజులు సాగింది. వేర్వేరు జెండాల సంఘాలు ఒక్కటై నడిపిన సమ్మె అది. ప్రభుత్వం 2024 జనవరిలో ఎస్మా ప్రయోగించింది. చివరకు చర్చలు జరిపి కొన్ని కోర్కెలకు అంగీకరించింది. ఆ రోజుల్లో సక్రమంగా తిండి అందక ఇబ్బంది పడినవారిలో కూలి తల్లుల పిల్లలు, బాలింతలు ఉన్నారన్నది కాదనలేని నిజం. సంఘంలో చేరే హక్కు రాజ్యాంగం 19వ అధికరణం పౌరులందరికీ ఇచ్చింది గాని, ప్రభుత్వ ఉద్యోగులకు సమ్మె చేసే హక్కు లేదని 2003లో సుప్రీంకోర్టు తేల్చింది. కనుక సమ్మె చివరి అస్త్రం కావాలి. అర్జీ ఇచ్చిన నాడే పిలిచి మాట్లాడితే సమ్మె దాకా రాదన్న సంగతి ప్రభుత్వమూ గ్రహించాలి. సంఘం గట్టిగా ఉన్న చోట మాట్లాడటానికి ఒక మనిషి ఉంటాడు. సంఘం లేని చోట కోపం మాత్రమే మిగులుతుంది.

సంఘాల్లో లోపాలు లేవని కాదు. చందా వసూలు చేసి లెక్క చెప్పని నాయకులున్నారు. బదిలీల పేరిట పైరవీలు చేసేవారున్నారు. పార్టీ జెండా చూసి సభ్యుల సమస్య పట్టించుకునేవారూ లేకపోలేదు. దీనికి మందు సంఘానికి దూరంగా ఉండటం కాదు, లోపలికి వెళ్లి నిలదీయటం. కట్టిన ప్రతి రూపాయికి రసీదు అడగాలి. ఏటా జమాఖర్చులు సభలో చదివించాలి. గడువు ప్రకారం ఎన్నికలు జరిపించాలి. చందా కట్టకుండా ఇంట్లో కూర్చుని, పెరిగిన వేతనం మాత్రం అందరితో పాటు తీసుకునేవారికి నాయకులను విమర్శించే హక్కు ఎక్కడిది?

ఇక ఇంట్లోవారి మాట. అంగన్‌వాడీలో పని చేసే ఆడవారు మండల కేంద్రంలో మీటింగు ఉందంటే, మనకెందుకొచ్చిన గొడవ అని ఆపే భర్తలు, అత్తమామలు నేటికీ ఉన్నారు. నెల తిరిగేసరికి ఆమె తెచ్చే వేతనం కావాలి గాని, ఆ వేతనం కోసం ఆమె నోరు విప్పితే తప్పా? నెలకు ఒక పూట ఆమెను సంఘం సమావేశానికి పంపితే ఆ ఇంటికే మేలు.

ఊరి పెద్దలూ దీన్ని తమ పనిగా ఎంచాలి. ఆయాకు వేతనం వేళకు అందిన ఊళ్లో పిల్లలకు అన్నం కూడా వేళకు అందుతుంది. పంచాయతీ కార్మికుడు నిశ్చింతగా ఉన్న ఊళ్లో మురుగు కాలవ నిండదు. చిరుద్యోగులు సంఘటితం కావటం ఊరికి బరువు కాదు, బలం. ఇంకా బయటే ఉన్నవారు ఈ సంగతి గుర్తించి వెంటనే సంఘాల్లో సభ్యులుగా చేరటం అన్ని విధాలా శ్రేయస్కరం.